ఏపీఐ స్క్రిప్టుల్లో పెద్ద రికార్డు ఐడీలు చెడిపోకుండా చూసుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఒక ఏపీఐ (ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాం నుంచి డేటా అడిగే మార్గం) నుంచి రికార్డుల జాబితా తెప్పించుకొని, ఒక్కో రికార్డు పూర్తి వివరాలను దాని ఐడీతో మళ్లీ అడిగే చిన్న స్క్రిప్టు రాశారనుకుందాం. జాబితా సక్రమంగానే వస్తుంది. వివరాలు అడిగినప్పుడు మాత్రం అటువంటి రికార్డు లేదంటూ 404 వస్తుంది. లాగ్ తెరిచి చూస్తే స్క్రిప్టు అడిగిన ఐడీ 1234567890123456800 అని ఉంటుంది. సర్వర్ పంపిన అసలు ఐడీ 1234567890123456789. స్క్రిప్టులో ఆ ఐడీని ఎక్కడా కూడలేదు, తీసివేయలేదు, అయినా చివరి మూడంకెలు మారిపోయాయి. ఇటువంటి తప్పు నాకు మొదటిసారి ఎదురైనప్పుడు అది అనుమతుల సమస్య అనుకొని ఒక పూటంతా టోకెన్లు మార్చి మార్చి ప్రయత్నించాను. ఎర్రర్ సందేశం ఎక్కడా అంకెల గురించి మాట్లాడదు కాబట్టి చూపు అటువైపు పోదు.

ఈ మార్గదర్శి మొత్తం ఒక్క విషయం మీద నిలబడింది. రికార్డు ఐడీ అంకెలతో రాసిన పేరు. గోదావరి ఎక్స్‌ప్రెస్ నంబరు 12727 అని అందరం చెప్పుకుంటాం గాని, దాన్ని ఇంకో రైలు నంబరుతో కూడాలని ఎవరికీ తోచదు. ఐడీని కూడా అలాగే చూడాలి: స్క్రిప్టులోకి వచ్చిన క్షణం నుంచి బయటికి వెళ్లే దాకా అక్షరాల వరుసగా, అంటే స్ట్రింగ్‌గా, ఉంచాలి. కింది అడుగులన్నీ దీన్ని ఆచరణలో పెట్టే పద్ధతులు. కోడ్‌లోని పేర్లను పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాను.

మొదటి అడుగు: నాలుగు హద్దులను గుర్తుంచుకోండి

మొదటిది 2147483647. ధన, రుణ సంఖ్యలు రెండింటినీ దాచగల 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. రెండోది 4294967295; రుణ సంఖ్యలు వద్దనుకుంటే 32 బిట్లలో ఇక్కడి దాకా వెళ్లవచ్చు. ఈ రెండూ ఎంత చిన్నవో తెలియాలంటే మన మొబైల్ నంబరు చాలు. భారతదేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి కాబట్టి పది అంకెల నంబరు ఏదైనా 6000000000కు తగ్గదు, అంటే ఏ మొబైల్ నంబరూ 32 బిట్ల గడిలో పట్టదు.

మూడోది 9007199254740991. జావాస్క్రిప్ట్‌లో మామూలు నంబరు రకం 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశాలనూ పట్టే) సంఖ్య; దీన్నే ఫ్లోట్ అంటారు. అందులో 1 బిట్ గుర్తుకు, 11 బిట్లు ఘాతాంకానికి పోగా 52 బిట్లు మిగులుతాయి. రాయకుండానే ఉన్నట్లు లెక్కించే మరో బిట్‌తో కలిపి 53 బిట్ల కచ్చితత్వం దొరుకుతుంది. పై సంఖ్య 2 యొక్క 53వ ఘాతంలో ఒకటి తక్కువ. దాన్ని దాటాక సంఖ్యల మధ్య ఖాళీలు మొదలవుతాయి: మొదట ఒక సంఖ్య విడిచి ఒకటి, ఆ తరువాత నాలుగింటికొకటి, ఇలా ఖాళీ రెట్టింపవుతూ పోతుంది. పైన చెప్పిన 19 అంకెల ఐడీ ఉన్న ప్రాంతంలో ఖాళీ 256. అందుకే 1234567890123456641 నుంచి 1234567890123456895 దాకా ఉన్న 255 వేర్వేరు ఐడీలు జావాస్క్రిప్ట్ నంబరుగా మారగానే ఒకే విలువ అయిపోతాయి. ఆ విలువ నిజానికి 1234567890123456768. జావాస్క్రిప్ట్ దాన్ని ముద్రించేటప్పుడు క్లుప్తంగా 1234567890123456800 అని చూపిస్తుంది. ఒకే పాడైన ఐడీ రెండు లాగుల్లో రెండు రకాలుగా కనిపించడానికి తరచు కారణం ఇదే.

నాలుగోది 9223372036854775807. ఇది 64 బిట్ల పూర్ణాంకం హద్దు, డేటాబేసుల్లో బిగ్‌ఇంట్ కాలమ్ హద్దు కూడా. మన పనిలో దీన్ని దాటే ఐడీలు అరుదు. వీటికి తోడు, ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెలే ఉంచుకుంటుంది; ఆపై అంకెలను సున్నాలు చేస్తుంది.

రెండో అడుగు: మీ ఐడీ ఏ రకందో తెలుసుకోండి

ఐడీలు ముఖ్యంగా రెండు పద్ధతుల్లో పుడతాయి. ఒకటి, డేటాబేస్ 1, 2, 3 అంటూ తానే పెంచుకుంటూ పోయే వరుస. ఇవి ఏళ్ల తరబడి చిన్నవిగానే ఉండి, ఒకనాడు 2147483647ను తాకుతాయి. రెండోది, పుట్టుకతోనే పెద్దవిగా వచ్చే ఐడీలు. 2010లో ట్విటర్ స్నోఫ్లేక్ అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. అందులో 41 బిట్లు సమయానికి మిల్లీసెకన్లలో, 10 బిట్లు యంత్రం సంఖ్యకు, 12 బిట్లు అదే మిల్లీసెకనులోని వరుస సంఖ్యకు కేటాయించారు. సమయం 22 బిట్ల పైన కూర్చుంటుంది కాబట్టి, లెక్క మొదలైన నాటి నుంచి 2147483648 మిల్లీసెకన్లకు, అంటే 25 రోజులైనా నిండకముందే, ఐడీలు జావాస్క్రిప్ట్ హద్దును దాటేస్తాయి. అందుకే ట్విటర్ తన ఏపీఐలో ఐడీ పక్కనే అదే విలువను స్ట్రింగ్‌గా ఇచ్చే ఐడీ‌_ఎస్‌టీఆర్ అనే మరో ఫీల్డును చేర్చింది. డిస్కార్డ్ అనే చాట్ సేవ కూడా ఇటువంటి ఐడీలనే వాడుతుంది, అయితే తన ఏపీఐలో వాటిని స్ట్రింగులుగానే పంపుతుంది. ఈ రెండింటిలో డిస్కార్డ్ మార్గమే మేలైనదని నా అభిప్రాయం. సంఖ్యగా ఒకటి, స్ట్రింగ్‌గా ఒకటి పక్కపక్కన ఉంటే కొత్తగా వచ్చినవారు పొట్టి పేరున్న దాన్నే ఎంచుకుంటారు.

డాక్యుమెంటేషన్‌ను జాగ్రత్తగా చదవండి. టెలిగ్రామ్ బాట్ ఏపీఐ తన చాట్ ఐడీలు 32 బిట్లను దాటవచ్చని, అయితే 52 బిట్లను మించవని స్పష్టంగా రాసింది. అంటే అక్కడ జావాస్క్రిప్ట్ నంబరు సరిపోతుంది, 32 బిట్ల కాలమ్ సరిపోదు. ఏపీఐలను ప్రశ్నించే భాష గ్రాఫ్‌క్యూఎల్‌లో ఇంట్ (పూర్ణాంకం) రకం 32 బిట్లదే, కాని ఐడీ అనే ప్రత్యేక రకం స్ట్రింగ్‌గా వెళుతుంది. డేటాను కుదించి పంపే ప్రోటోబఫ్ అనే పద్ధతి తన 64 బిట్ల పూర్ణాంకాలను జేసన్‌లోకి (ఏపీఐలు డేటాను పాఠంగా పంపే రూపంలోకి) మార్చేటప్పుడు కొటేషన్ గుర్తుల మధ్య పెడుతుంది. జేసన్ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 8259 సంఖ్యల పరిమాణానికి హద్దు పెట్టదు గాని, 2 యొక్క 53వ ఘాతం లోపలి పూర్ణాంకాలను మాత్రమే అన్ని చోట్లా ఒకే విలువగా చదువుతారని నమ్మవచ్చని చెబుతుంది. కాబట్టి సర్వర్ తప్పు చేసిందని వాదించి లాభం లేదు. చదివే బాధ్యత మన స్క్రిప్టుదే.

మూడో అడుగు: ఐడీ నడిచే దారిని కాగితం మీద గీయండి

డేటాబేస్ కాలమ్, సర్వర్ భాష, జేసన్, మీ స్క్రిప్టు, మధ్యలో సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక), ఎవరో తెరిచే ఎక్సెల్, తిరిగి ఏపీఐ. ప్రతి మజిలీ దగ్గరా ఐడీ ఏ రకంగా ఉందో రాసుకోండి. దారిలో ఎక్కడ ఒక్కచోట హద్దు తక్కువగా ఉన్నా మొత్తం దారి హద్దు అదే అవుతుంది.

నాలుగో అడుగు: చదివే చోటనే ఐడీని కాపాడండి

జావాస్క్రిప్ట్‌లో నష్టం జేసన్ పాఠాన్ని విలువలుగా మార్చే జేసన్.పార్స్ లోపలే జరిగిపోతుంది. రెస్పాన్స్ మీద నేరుగా జేసన్ మెథడ్‌ను పిలిచినా లోపల జరిగేది అదే. ఆ తరువాత ఐడీని స్ట్రింగ్‌గా మార్చినా, ఎంత పెద్ద పూర్ణాంకాన్నైనా పట్టే జావాస్క్రిప్ట్ బిగ్‌ఇంట్ రకంగా మార్చినా, పాడైన విలువే కొత్త రూపంలో కనిపిస్తుంది. కాబట్టి పార్స్ అయ్యే సమయంలోనే జోక్యం చేసుకోవాలి. అందుకు నేను అనుసరించే క్రమం ఇది.

ముందుగా, సర్వర్ స్ట్రింగ్ రూపం ఇస్తుందేమో చూడండి. ఇస్తే దాన్నే వాడి, సంఖ్య రూపాన్ని పూర్తిగా వదిలేయండి. ఇవ్వకపోతే రెస్పాన్స్‌ను ముందు ముడి పాఠంగా తీసుకొని, పెద్ద సంఖ్యలను స్ట్రింగులుగా నిలిపే జేసన్-బిగ్‌ఇంట్ వంటి లైబ్రరీతో చదవండి. కొత్త ఇంజిన్లలో జేసన్.పార్స్‌కు ఇచ్చే, చదివిన ప్రతి విలువనూ మార్చగల రివైవర్ ఫంక్షన్‌కు మూడో ఆర్గ్యుమెంటు కూడా వస్తుంది. అందులోని సోర్స్ అనే గుణంలో ఆ సంఖ్య ముడి పాఠం యథాతథంగా ఉంటుంది. ఫీల్డు పేరు ఐడీ అయితే విలువకు బదులు ఆ సోర్స్‌ను తిరిగి ఇస్తే పని పూర్తవుతుంది. పాత నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడిపేది) మీద నడిచే స్క్రిప్టుల్లో ఇది ఉండదు కాబట్టి, వాడే ముందు మీ సర్వర్ మీది వెర్షన్‌లో ఒకసారి పరీక్షించండి. కొందరు ముడి పాఠంలో పొడవైన అంకెల వరుసలను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో వెతికి చుట్టూ కొటేషన్లు పెడతారు. ఎవరో వ్యాఖ్యలో పొడవైన అంకెలు రాసిన రోజున జేసన్ నిర్మాణమే విరిగిపోతుంది కాబట్టి ఆ దారిని నేను సమర్థించను.

వీటిలో ఏది ఎంచుకున్నా, మిగిలిన ప్రతి సంఖ్యా ఐడీ మీద నంబర్.ఈజ్‌సేఫ్‌ఇంటిజర్ పరీక్ష పెట్టండి. హద్దు దాటిన విలువ ఎలా గుండ్రబడినా (దగ్గరి సంఖ్యకు మారినా) హద్దు లోపలికి తిరిగి రాదు, అందువల్ల ఈ పరీక్ష నష్టం జరిగిన తరువాత కూడా దాన్ని పట్టుకుంటుంది. తప్పిన వెంటనే స్క్రిప్టును ఆపేయాలి. హెచ్చరిక ముద్రించి ముందుకు సాగకూడదు. ఇంకొక మాట: సంఖ్య పక్కన నిలువు గీత, సున్నా పెట్టి భిన్నభాగం తీసేసే పాత అలవాటు ఐడీల దగ్గర ప్రమాదకరం. జావాస్క్రిప్ట్‌లో బిట్ల మీద పనిచేసే ఆపరేటర్లు విలువను 32 బిట్లకు కత్తిరిస్తాయి కాబట్టి 4294967297 అనే ఐడీ ఆ దెబ్బకు 1 అవుతుంది. అప్పుడు 404 కూడా రాదు, ఒకటో రికార్డు చేతికి వస్తుంది. స్క్రిప్టు చేసే పని తొలగించడమైతే ఏమవుతుందో వేరే చెప్పనవసరం లేదు.

పైథాన్‌లో పూర్ణాంకానికి హద్దు లేదు, జేసన్ మాడ్యూల్ కూడా 19 అంకెలను కచ్చితంగా చదువుతుంది. ఆపద పట్టికలతో పనిచేసే లైబ్రరీ పాండాస్‌లో పొంచి ఉంటుంది. పూర్ణాంకాల కాలమ్‌లో ఒక్క గడి ఖాళీగా ఉన్నా పాండాస్ డిఫాల్టుగా కాలమ్ మొత్తాన్ని ఫ్లోట్ చేస్తుంది. ఉదాహరణకు మాతృ రికార్డు ఐడీ అనే కాలమ్‌లో పై స్థాయి రికార్డులకు విలువ ఉండదు. ఆ సీఎస్‌వీని చదవగానే మిగతా వరుసల ఐడీలన్నీ గుండ్రబడతాయి. రెండు టేబుళ్లను లెఫ్ట్ మర్జ్ చేసినప్పుడు, అంటే మొదటి టేబుల్ వరుసలన్నీ ఉంచి కలిపినప్పుడు, జత దొరకని వరుసల వల్ల కూడా ఇదే జరుగుతుంది, పైగా అప్పటిదాకా సరిగా ఉన్న కాలమ్ చెడుతుంది. రీడ్‌_సీఎస్‌వీ పిలిచేటప్పుడే ఐడీ కాలమ్‌లన్నింటికీ డీటైప్ స్ట్రింగ్ అని చెప్పండి. సంఖ్యగానే ఉంచాల్సిన అవసరం ఉంటే, ఖాళీలను భరించగల పెద్ద ఐతో మొదలయ్యే ఇంట్64 రకాన్ని వాడండి.

మిగతా భాషల సంగతి క్లుప్తంగా చెబుతాను. పీహెచ్‌పీలో జేసన్‌_డీకోడ్‌కు జేసన్‌_బిగ్‌ఇంట్‌_యాజ్‌_స్ట్రింగ్ ఫ్లాగ్ ఇవ్వండి. గో భాషలో రకం చెప్పని ఇంటర్‌ఫేస్‌లోకి చదివితే సంఖ్యలన్నీ ఫ్లోట్64 అవుతాయి. డీకోడర్ మీద యూజ్‌నంబర్‌ను పిలవండి, లేదా స్ట్రక్ట్‌లో ఇంట్64 అని స్పష్టంగా రాయండి. జావాలో ఇంటిజర్‌కు బదులు లాంగ్ వాడండి. కమాండ్ లైన్‌లో జేసన్‌ను చదివే పరికరం జేక్యూ 1.7కు ముందు వెర్షన్లు పెద్ద సంఖ్యలను గుండ్రం చేసేవి, 1.7 నుంచి లెక్కలేవీ చేయకపోతే ముడి అంకెలను అలాగే ఉంచుతుంది.

ఐదో అడుగు: స్క్రిప్టు లోపల ఒకే రూపం పాటించండి

సగం చోట్ల స్ట్రింగ్, సగం చోట్ల సంఖ్య ఉంటే కొత్త తప్పులు పుడతాయి. జావాస్క్రిప్ట్‌లో మూడు సమాన గుర్తులతో పోలిస్తే స్ట్రింగ్ 123, సంఖ్య 123 వేర్వేరు. మ్యాప్‌లో వెతికితే ఉన్న రికార్డు లేనట్లు కనిపిస్తుంది. ఏపీఐ పిలుపులన్నింటినీ ఒక ఫంక్షన్ ద్వారా పంపి, ఐడీల మార్పిడి అక్కడే జరిగేలా చూసుకోండి. స్ట్రింగ్‌గా ఉంచడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది: ముందు సున్నాలున్న ఖాతా నంబర్లు, ఉద్యోగి నంబర్లు కూడా ఆ సున్నాలతో సహా నిలుస్తాయి.

మీరే సర్వర్ నడుపుతూ ఐడీని సంఖ్య నుంచి స్ట్రింగ్‌కు మార్చాలనుకుంటే, ఉన్న ఫీల్డు రకాన్ని ఒక్కసారిగా మార్చకండి, పాత క్లయింట్లు విరిగిపోతాయి. పక్కన స్ట్రింగ్ ఫీల్డు చేర్చి, కొంతకాలం రెండూ ఇచ్చి, తరువాతి వెర్షన్‌లో సంఖ్య ఫీల్డును తొలగించండి. డిస్కార్డ్ మార్గం మేలని పైన అన్నది కొత్తగా మొదలుపెట్టే ఏపీఐ విషయంలో. నడుస్తున్న ఏపీఐకి ఈ జంట ఫీల్డుల దశ తప్పదు.

ఆరో అడుగు: లెక్క నిజంగా అవసరమైన చోట

పేజీల వారీగా తెప్పించేటప్పుడు కొన్ని ఏపీఐలు ఇంతకన్నా పాత ఐడీల నుంచి ఇవ్వు అని అడిగే వీలు కల్పిస్తాయి, అక్కడ చివరి ఐడీ నుంచి ఒకటి తీసివేయాల్సి వస్తుంది. స్ట్రింగ్‌ను బిగ్‌ఇంట్‌గా మార్చి, తీసివేసి, వెంటనే స్ట్రింగ్‌గా తిరిగి మార్చండి. బిగ్‌ఇంట్‌ను అలాగే జేసన్.స్ట్రింగిఫైకి ఇస్తే టైప్‌ఎర్రర్ వస్తుంది. సంఖ్యతో చేస్తే ఒకటి తీసివేసినా విలువ మారదు, అదే రికార్డు ప్రతి పేజీలోనూ తిరిగి వస్తుంది, లూప్ ఎప్పటికీ ముగియకపోవచ్చు. వరుసక్రమం కావాలంటే ముందు పొడవును పోల్చి, పొడవు సమానమైనప్పుడు మాత్రమే అక్షరక్రమం చూడండి. నేరుగా అక్షరక్రమంలో పెడితే 10 కన్నా 9 పెద్దదవుతుంది.

ఏడో అడుగు: స్ప్రెడ్‌షీట్ల దగ్గర కాపలా

స్క్రిప్టు ఎంత శుభ్రంగా ఉన్నా, మధ్యలో ఎవరో సీఎస్‌వీని మౌస్‌తో రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే 1234567890123456789 కాస్తా 1.23457E+18గా ఫైలులోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి అసలు అంకెలను ఏ ఫార్మాటింగ్ మార్చినా వెనక్కి తేలేరు. సీఎస్‌వీని నేరుగా తెరవకుండా డేటా ట్యాబ్ ద్వారా దిగుమతి చేసుకొని, ఐడీ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోమని సహోద్యోగులకు చెప్పండి. వీలైతే సీఎస్‌వీకి బదులు, గడి రకం టెక్స్ట్ అని ముందే నిర్ణయించిన ఎక్సెల్ ఫైలునే స్క్రిప్టుతో తయారుచేసి ఇవ్వండి. తిరిగి వచ్చే ఫైలులో ప్రతి ఐడీ అంకెలతో మాత్రమే ఉందా, చివర వరుసగా నాలుగు సున్నాలున్న ఐడీలు అసాధారణ సంఖ్యలో ఉన్నాయా అని పరిశీలించాకే ఏపీఐకి పంపండి.

ఎనిమిదో అడుగు: డేటాబేస్ వైపు హద్దు

2018 నవంబర్ 8న బేస్‌క్యాంప్ 3 అనే ప్రాజెక్టు నిర్వహణ సేవ కొన్ని గంటలపాటు చదవడానికి తప్ప రాయడానికి వీలు లేకుండా నిలిచిపోయింది. ఒక టేబుల్‌లోని ఐడీ 2147483647కు చేరడమే కారణమని ఆ సంస్థ తానే ప్రకటించింది. రోజుకు 20 లక్షల వరుసలు చేరే టేబుల్ ఆ హద్దును 1074 రోజుల్లో, అంటే మూడేళ్లు నిండకముందే చేరుతుంది. విఫలమైన ఇన్సర్టులు, వెనక్కి తీసుకున్న లావాదేవీలు కూడా ఐడీలను ఖర్చు చేస్తాయి కాబట్టి వరుసల లెక్క చూసి నిశ్చింతగా ఉండకూడదు, గరిష్ఠ ఐడీనే చూడాలి. హద్దులో సగం దాటగానే హెచ్చరిక వచ్చేలా పెట్టుకోవడం మంచిది. పెద్ద టేబుల్‌ను మార్చడానికి మీరు ఊహించిన దానికన్నా ఎక్కువ సమయం పడుతుంది.

కాలమ్‌ను బిగ్‌ఇంట్‌కు మార్చేటప్పుడు ప్రైమరీ కీ (ఆ టేబుల్ సొంత ఐడీ కాలమ్) ఒక్కటే మార్చి ఆగిపోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ఆ ఐడీని ప్రస్తావించే ఇతర టేబుళ్ల కాలమ్‌లు, ముఖ్యంగా ఫారిన్ కీగా (మరో టేబుల్ ఐడీకి ముడిగా) ప్రకటించకుండా పేరును బట్టి మాత్రమే ముడిపడినవి, వెతికి పట్టుకోవాలి. వెబ్ ఫ్రేమ్‌వర్కుల్లో రైల్స్ 5.1 నుంచి కొత్త ప్రైమరీ కీలు బిగ్‌ఇంట్‌గానే పుడుతున్నాయి, జాంగో 3.2 నుంచి తానే పెరిగే ఐడీ రకాన్ని (డిఫాల్ట్ ఆటో ఫీల్డును) ఎంచుకునే వీలుంది. అంతకు ముందు మొదలైన ప్రాజెక్టుల పాత టేబుళ్లు పాత రకంతోనే ఉండిపోతాయి. మైఎస్‌క్యూఎల్‌లో స్ట్రిక్ట్ మోడ్ (తప్పు విలువలను నిరాకరించే అమరిక) లేకపోతే హద్దు దాటిన విలువ ఎర్రర్ ఇవ్వకుండా 2147483647గా కుదించుకుపోతుంది. మీ డేటాలో ఈ సంఖ్య పదే పదే కనిపిస్తే అవి నిజమైన ఐడీలు కావని తెలుసుకోండి.

తొమ్మిదో అడుగు: సరైన సంఖ్యలతో పరీక్షించండి

పరీక్షల్లో ఐడీలను 1, 2, 3 అని పెట్టినంతకాలం పై తప్పుల్లో ఒక్కటీ బయటపడదు. 2147483648, 9007199254740993, 1234567890123456789, 9223372036854775807 ఈ నాలుగింటినీ పెట్టండి. రెండోది బేసి సంఖ్య కావడం ముఖ్యం. ఆ ప్రాంతంలో సరి సంఖ్యలు ఫ్లోట్‌లో చెక్కుచెదరకుండా నిలుస్తాయి, 9007199254740992తో పరీక్షిస్తే తప్పున్న కోడ్ కూడా పాస్ అవుతుంది. ముడి జేసన్ పాఠంతో మొదలుపెట్టి, స్క్రిప్టు చివరకు పంపే యూఆర్‌ఎల్‌లోని అంకెల దాకా అక్షరం అక్షరం పోల్చాలి. మధ్యలో సంఖ్యగా పోలిస్తే పరీక్ష కూడా అదే పొరపాటు చేస్తుంది.

ఇప్పటికే పాడైన ఐడీలు ఉంటే

ముందుగా, ఆ ఐడీలతో మార్పులు, తొలగింపులు చేసే పనులన్నీ నిలిపివేయండి. తరువాత సర్వర్ నుంచి జాబితాను సరైన పద్ధతిలో మళ్లీ తెప్పించుకోండి, ముడి రెస్పాన్సులు దాచి ఉంటే అదింకా మంచిది. కొత్త ఐడీ ఒక్కొక్కదాన్నీ కావాలనే ఫ్లోట్‌గా మార్చి చూస్తే, మీ దగ్గరున్న పాడైన విలువల్లో ఏది దానికి సరిపోతుందో తెలుస్తుంది. ఒక పాడైన విలువకు ఒకే అసలు ఐడీ సరిపోతే జత కుదిరినట్టే. రెండు మూడు ఐడీలు సరిపోతే, స్నోఫ్లేక్ తరహా ఐడీల్లో అవి చాలావరకు ఒకే మిల్లీసెకనులో పుట్టిన రికార్డులై ఉంటాయి కాబట్టి సమయాన్ని బట్టి తేల్చలేరు. పేరు, మొత్తం, స్థితి వంటి ఇతర ఫీల్డులతో సరిచూడాలి. అప్పటికీ తేలని వాటిని విడిగా ఒక ఫైలులో రాసి, ఆ డేటా బాధ్యత చూసే మనిషి చేత ఒక్కొక్కటిగా చూపించి నిర్ధారించుకున్న తరువాతే నిలిపిన పనులను తిరిగి మొదలుపెట్టండి.